పద్నాలుగు పొలాలకు ఒకే సీసా

ఆ పొద్దున పాలు పితకడం అయిపోయింది. కొలతలాయన గడప మీద కూర్చుని, చెప్పులకు అంటుకున్న ఎండు మట్టిని పుల్లతో గీకుతున్నాడు. అతని భార్య పాల క్యాను మూత బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. మొదటిసారే అది సరిగ్గా పడింది.

"అయితే మధ్యాహ్నం మా తమ్ముణ్ణి ఒప్పందంలోంచి బయటికి పంపేస్తారన్నమాట," అంది చివరికి.

"పంపేది నేనొక్కణ్ణి కాదు. చేతులెత్తేది అందరూ."

"మొదట లేచే చెయ్యి నీదేగా. నీది లేస్తే మిగతావి అవే లేస్తాయి."

అతను పుల్ల విరిచి పారేశాడు. ఇరుకున పడితే అతను ఏదో ఒకటి విరుస్తాడని ఆమెకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

"వాడు సోమరి, నేనే ఒప్పుకుంటా," అంది ఆమె. "మాట మీద నిలబడడు, అదీ ఒప్పుకుంటా. కానీ వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. నిన్న వాగు గట్టు మీద మీరంతా వాణ్ణి నిలదీసినప్పుడు నేను చెవులే చూస్తూ నిలబడ్డా."

"నీళ్ళలో ముంచిన పరీక్ష పట్టీ గులాబీ రంగు తిరిగింది. చెవుల రంగుతో పని లేదు."

ఆ మాట అనేసి లేచాడు. అన్నాక కొంచెం ఎక్కువైందనిపించింది. కానీ వెనక్కి తీసుకునే అలవాటు లేదు.

కొలతలాయన అన్న పేరు అతనికి ఊరికే రాలేదు. మడికి నీళ్ళెంత, మొక్కకూ మొక్కకూ ఎడమెంత, గేదె ఒక పూట తినే గడ్డెంత, అన్నీ కొలిచి చెప్పేవాడు. నేల కొలవాలంటే టేపు అక్కర్లేదు, అంగలతో కొలిచేవాడు. అతని అంగ ఎప్పుడూ ఒకటే. అందుకే ఆరేళ్ళ కిందట వాగు వెంట ఉన్న పద్నాలుగు పొలాల వాళ్ళూ పట్నం నీళ్ళ ఆఫీసుతో ఒప్పందం చేసుకున్నప్పుడు, మారుమాట లేకుండా ఇతన్నే పెద్దగా పెట్టుకున్నారు.

ఒప్పందం చెప్పుకోవడానికి సులువే. ఈ వాగు నీళ్ళే కింద పట్నం తాగుతుంది. పైన పొలాల్లో చల్లిన యూరియా, పశువుల పెంట ఊట వాగులో కలిస్తే ఆ నీళ్ళు శుభ్రం చేయలేక ఆఫీసు వాళ్ళు చచ్చిపోతున్నారు. అందుకని ఇలా అన్నారు: వాగుకు రెండు పక్కలా పదేసి అంగల వెడల్పు దున్నకుండా గడ్డికి వదిలేయండి. ఆ గడ్డి మీద మందూ మాకూ పడనివ్వకండి. పెంటకుప్పలు వాగుకు అరవై అంగల దూరం జరపండి. మీరిది చేస్తే, ఎండాకాలం పై రిజర్వాయరు నీళ్ళు మీ తూములకు మేం వదులుతాం. అంతకు ముందు ఎండాకాలమంటే ఆ పొలాలు బీటలు తీసి పడుండేవి. ఇప్పుడు రెండో పంట పండుతోంది. వాగులో చేపపిల్లలు మళ్ళీ కనిపిస్తున్నాయి.

మెలిక ఒకటుంది. పద్నాలుగు పొలాలకూ కలిపి నెలకు ఒకే సీసా. అన్ని పొలాలూ దాటాక వాగుకు అడ్డంగా రాతిగోడ ఒకటుంది. దాని గండిలో దూకే నీళ్ళను ఆఫీసు నుంచి వచ్చే సీసాలమ్మాయి సీసాలో పట్టుకుపోతుంది. ఎవరి పొలం నీళ్ళు ఎవరివో ఆ సీసాకు తెలియదు. సీసాలో కలుషితం ఇంతకు మించకూడదని ఆఫీసు గీత పెట్టింది, వరుసగా మూడు సీసాలు ఆ గీత దాటితే ఒప్పందం రద్దు, పద్నాలుగు తూములూ మూత.

పోయిన నెల సీసా గీత దాటింది. అంతకు ముందు నెలదీ దాటింది. మూడోది ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి. మొక్కజొన్న కంకులు పీచు వేస్తున్న రోజులు. ఇప్పుడు పన్నెండు రోజులు నీళ్ళాగితే కంకి ఉంటుంది, గింజ ఉండదు.

నిన్న అందరూ కలిసి, యూరియా గానీ పెంట గానీ కలిసిన నీళ్ళు తగిలితే గులాబీ రంగు తిరిగే కాగితం పట్టీలు పట్టుకుని రాతిగోడ నుంచి పైకి నడిచారు. పట్టీ ముంచడం, రంగు చూడడం, ఇంకో ఇరవై అంగలు నడవడం. గులాబీ, గులాబీ, ముదురు గులాబీ. కొలతలాయన బావమరిది పొలం గట్టు కింది కొసలో పట్టీ బీట్‌రూట్ ముక్కలా అయింది. అదే గట్టు పై కొసలో ముంచితే తెల్లగా వచ్చింది. ఇక చెప్పుకోవడానికేముంది? రెండు కొసల మధ్యా ఉన్నది బావమరిది పొలమే.

పైగా అతనిదొక పాత తప్పు ఉండనే ఉంది. ఒప్పందం అయిన మొదటి ఏడే గడ్డి పట్టీలోకి రెండంగలు దున్ని దొరికిపోయాడు. ఆనాటి నుంచి అతని పేరు 'రెండంగలు'. ఎదురుపడితే పిల్లలు కూడా రెండంగలు వేసి చూపించేవారు. తనూ నవ్వేవాడు.

నిన్న మాత్రం నవ్వలేదు. "నా పిల్లల మీద ఒట్టు, ఒక్క గుప్పెడు యూరియా చల్లలేదు," అన్నాడు. ఎవరూ వినలేదు. అతని మురుగు తూము నోటికి ఇసుక బస్తాలు అడ్డం వేశారు. నీళ్ళొచ్చే తూము దింపేసి తాళం పెట్టారు. రేపు మధ్యాహ్నం చేతులెత్తి అతన్ని ఒప్పందంలోంచి తీసేద్దామని చెప్పిందీ, తాళం చెవి జేబులో వేసుకుందీ కొలతలాయనే.

*

తొమ్మిది కావస్తోంది. కొలతలాయన గడ్డపార భుజాన వేసుకుని పొలం పై మూలకు నడిచాడు. అక్కడ కంచె గుంజ ఒకటి ఊగుతోంది. నాలుగు రోజులుగా ఊగుతూనే ఉంది. ఇవాళే ఎందుకు గుర్తొచ్చిందంటే ఇంట్లో కూర్చోలేక.

ఆ మూలనే అతని పెంటకుప్ప. వాగుకు నూట ఇరవై అంగల దూరం. అరవై చాలని ఒప్పందం కాగితంలో ఉంది. కానీ పోయిన చలికాలం మీటింగులో, "అరవై సరిపోదు, నూరు పెట్టుకుందాం, ముందు నేనే జరుపుతా," అని లేచి నిలబడ్డాడు. జరిపాడు కూడా. ఎడ్లబండితో పదిహేను రోజులు. మిగతావాళ్ళు చూసి గొణుక్కున్నారే గానీ, ఒకరిద్దరు జరిపారు.

గుంజ దగ్గరికి పోబోతూ ఆగాడు.

ఎండకు గడ్డంతా గోధుమరంగు తిరిగింది. కుప్ప దగ్గర నుంచి కిందికి మాత్రం ఒక పచ్చటి చార ఉంది. మూర వెడల్పు. అంతకంటే ఎక్కువా లేదు, తక్కువా లేదు. పలక మీద గీత గీసినట్టు సరిగ్గా బావమరిది పొలం గట్టు వైపు పోతోంది.

వాటంతట అవి పోయే నీళ్ళు వంకరలు తిరుగుతాయి. తిన్నగా పోయాయంటే ఆ దారి మనిషి వేసిందే.

అతను ఆ చార మీదికి వచ్చి నిలబడ్డాడు. తర్వాత గడ్డపార ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. ఇనుము మట్టిలో దిగిన చప్పుడు కాదు. లోపల బోలుగా ఉన్న చప్పుడు.

అప్పుడు గుర్తొచ్చింది. తనకు ఆరో ఏడో ఏళ్ళు. ఈ మూల అప్పుడు చిత్తడి, వానాకాలం గేదె దిగబడేది. వాళ్ళ నాన్నా, పక్క పొలం ఆయనా, అంటే తర్వాత తనకు మామ అయిన మనిషే, ఇద్దరూ కలిసి ఒక కాలువ తవ్వారు. అడుగునా పక్కలా బండలు పేర్చి, పైన బండలు కప్పి, మట్టి పోసి చదును చేశారు. ఇటు నీళ్ళు అటు గట్టు కిందుగా పోయి వాగులో పడేలా. తను చొక్కా ఒడిలో చిన్న రాళ్ళు మోశాడు. ఆ తర్వాత ఆ కాలువ పని అది చేసుకుపోయింది, మనుషులు మరిచిపోయారు. చిత్తడి ఆరిపోయింది, తవ్విన వాళ్ళిద్దరూ పోయారు. నలభై అయిదేళ్ళు.

దాని నెత్తి మీద తెచ్చి పెట్టాడు కుప్ప. కొలిచి మరీ పెట్టాడు.

పైన మట్టి తీసి బండ ఒకటి లేపాడు. కింద నల్లటి ఊట, తారు కంటే కొంచెం పలచన, నిదానంగా పారుతోంది. వాసన ముక్కును కాదు, కళ్ళను పట్టుకుంది. అది తన గేదెల పెంట. పారేది బావమరిది గట్టు కిందుగా. బయటపడేది అక్కడి తుంగ దుబ్బుల వెనక, నిన్న పట్టీ బీట్‌రూట్ ముక్కయిన చోట.

మొదట భయం వచ్చింది. తర్వాత లెక్క వచ్చింది. ఎంత భయంలోనూ లెక్క మాత్రం వస్తుంది అతనికి.

కాగితంలో ఇంకో మాట ఉంది. రాయించింది తనే. తప్పు ఎక్కడ జరుగుతోందో కనిపెట్టి, సీసా నింపక ముందే చెబితే, సరిచేసుకోవడానికి నలభై రోజుల గడువు. సీసా నింపాక బయటపడితే గడువూ లేదు, గిడువూ లేదు. ఇప్పుడు పోయి చెబితే పొలాలు నిలబడతాయి. తను నిలబడడు. నిన్న ఆ గట్టు మీద బావమరిదిని అందరి ముందూ అన్న మాటలన్నీ తిరిగి తన నెత్తినే పడతాయి. "నీ వల్ల పద్నాలుగు ఇళ్ళు ఆరిపోతాయిరా" అన్న మాట కూడా.

ఇంకో దారి కూడా ఉంది. కాలువ ఇప్పుడే మూసేస్తే పన్నెండుకల్లా వాగు కడుక్కుపోతుంది. సీసా గీత దాటదు. కుప్పను మెల్లగా ఏదో సాకు చెప్పి జరిపేయొచ్చు. పంటా నిలబడుతుంది, తనూ నిలబడతాడు. పోయేది బావమరిది ఒక్కడే. ఎలాగూ నిన్ననే సగం పోయాడు.

'ముందు వాగు శుభ్రం కానీ. చెప్పడం తర్వాత సంగతి,' అనుకున్నాడు. ఆ 'తర్వాత' ఎప్పుడో అనుకోలేదు.

బంకమట్టి తవ్వి తెచ్చాడు. ముద్దలు చేసి, గోనెసంచిలో కుక్కి, కాలువ నోట్లో దిగ్గొట్టాడు. చుట్టూ మట్టి మెత్తి కాలితో తొక్కాడు. ఊట ఆగింది. ఆగి, వెనక్కి పొంగడం మొదలెట్టింది. పైన ఇంకో బండ లేపి అక్కడా ఒక సంచి కొట్టాడు. బండలు కప్పి, మట్టి పోసి, గడ్డి పెళ్ళలు తెచ్చి పరిచాడు. తొట్టి దగ్గర చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగాడు. గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు.

*

పన్నెండుకు పావుగంట ముందే అందరూ రాతిగోడ దగ్గర చేరారు. పాలు పోసే ముసలాయన గొడుగు కింద కూర్చుని గండిలోంచి దూకే నీళ్ళను తిడుతున్నట్టు చూస్తున్నాడు. కందిరీగ అని పేరున్న మొక్కజొన్న రైతు అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతను ఊరికే ఉంటే ఎవరినో ఒకరిని కుట్టాలి.

బావమరిది అందరికీ ఎడంగా, గట్టు దిగువన నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. అక్క పోయి అతని పక్కన నిలబడింది. అది చూసి కూడా చూడనట్టే ఉన్నాడు కొలతలాయన.

"ఏం రెండంగలూ," అన్నాడు కందిరీగ, "ఇవాళ ఎన్నంగలు వెనక్కి వేస్తావు? ఇంటి దాకానా, ఊరి దాకానా?"

"ముందు నీళ్ళు చూడనీ అన్నా," అన్నాడు బావమరిది.

ఆ నీళ్ళ మీదే అందరి ప్రాణం. సీసాలమ్మాయి స్కూటర్ ఆపి, ఐసు పెట్టె దించింది. ముప్ఫై ఏళ్ళు దాటి ఉంటాయి. మాట తక్కువ. వచ్చిన ప్రతిసారీ సీసా కంటే ముందు ఒక పట్టీ ముంచి చూసేది. అది లెక్కలోకి రాదు, వాళ్ళ తృప్తి కోసం.

గండి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ ముంచింది. చేతి గడియారం చూసుకుంది. నిమిషం. పైనున్న వాళ్ళంతా ఆ వేళ్ళ మధ్యనున్న కాగితం ముక్క మీదికి వంగారు. ఎవరిదో ఊపిరి ఈలలా వినిపిస్తోంది.

పట్టీ తెల్లగానే ఉంది. కొసన ఉందా లేదా అన్నంత గులాబీ.

"గీతకు చాలా కిందే ఉంది," అంది సీసాలమ్మాయి. ఆమె మొహంలో కూడా సడలింపు కనిపించింది.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ముసలాయన గొడుగు మూసి నేలకేసి కొట్టాడు. ఎవరో కొలతలాయన వీపు తట్టారు. "పెద్దాయన చెప్పాడంటే చెప్పాడే! తూముకు బస్తాలేసి ఒక్క రోజు కాలేదు, వాగు కడిగిన గిన్నెలా అయింది!"

"ఇంకా ఏం సాక్ష్యం కావాలిరా నీకు?" అని కందిరీగ గట్టు దిగి బావమరిది మొహం మీదికి పోయాడు. "పిల్లల మీద ఒట్టేశావే! ఆ పిల్లలేం పాపం చేశారు?"

బావమరిది అతన్ని పట్టించుకోలేదు. పట్టీ వైపే చూస్తున్నాడు. తర్వాత మెల్లగా పైకొచ్చి సీసాలమ్మాయి ముందు నిలబడ్డాడు.

"ఒక మాట అడగనా అమ్మా? మనిషి తనకు తెలియకుండా ఈ తప్పు చేయొచ్చా?"

"చేయొచ్చు," అందామె. "ఎక్కువ మంది చేసేది అలాగే."

"రాత్రంతా అదే ఆలోచించా. పాక వెనకాల పాత యూరియా సంచులు రెండు చినిగిపోయి పడున్నాయి. రెండేళ్ళయింది. ఏమో మరి. అవి కరిగి పోయాయేమో. నేను చల్లలేదు గానీ, నా నేల్లోంచే వచ్చిందేమో." ఒట్టు వేసినందుకు సిగ్గుపడుతున్నాడని అందరికీ అర్థమైంది. "పట్టీ అబద్ధం చెప్పదుగా. ఎత్తండి చేతులు. ఇందులో మీరు మొహమాటపడేదేముంది, నేనూ ఎత్తుతా."

ఎత్తాడు. తనను బయటికి పంపడానికి మొదట లేచిన చెయ్యి తనదే.

అక్క ఆ చెయ్యి పట్టుకుని దించబోయింది. "వద్దక్కా," అన్నాడు. అందరూ కొలతలాయన వైపు చూశారు. అతను ఎత్తితే మిగతావి లేస్తాయి. అతని చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. గోళ్ళు జేబు అడుగును గీరుతున్నాయి.

సీసాలమ్మాయికి ఈ తగువుతో పని లేదు. పెట్టెలోంచి సీసా తీసి, మూత తిప్పి, గండి మీదికి వంగింది. సీసా మూతి నీళ్ళకు జానెడు దూరంలో ఉంది.

"ముంచకమ్మా," అన్నాడు కొలతలాయన.

ఆమె ఆగింది.

"ఆ నీళ్ళు నిజం నీళ్ళు కావు." గొంతు తనది కానట్టు వినిపించింది అతనికి. "నేను కాలువ మూసి వచ్చా. తప్పు వీడిది కాదు. నాది. నా కుప్ప ఊట వీడి గట్టు కిందుగా పోతోంది. లోపల బండల కాలువ ఉంది. మా నాన్న వాళ్ళు తవ్వింది."

ఎవరికీ వెంటనే బుర్రకెక్కలేదు. సీసాలమ్మాయి సీసా మూత తిరిగి బిగించింది. ముందు మాట్లాడింది కూడా ఆమే.

"మీకెప్పుడు తెలిసింది?"

"తొమ్మిదింటికి."

"ఇప్పుడు పన్నెండు దాటింది."

"దాటింది."

"మూడు గంటలు," అందామె. కోపం లేదు ఆ మాటలో. అతనికి అదే ఎక్కువ తగిలింది.

"కంచే చేను మేసిందిరోయ్," అన్నాడు కందిరీగ మెల్లగా. జీవితంలో మొదటిసారి అతను మెల్లగా మాట్లాడాడు. తర్వాత గొంతు లేచింది. "నూరు అంగలు పెట్టాలి, నూట ఇరవై పెట్టాలి అని మా నెత్తిన కూర్చుని... మా కుప్పలు ఎగతాళి చేసి..."

"తిట్టేది తర్వాత. ముందు చూపించండి," అంది సీసాలమ్మాయి. "నేను కళ్ళతో చూడాలి."

అందరూ పైకి నడిచారు. ఎవరూ అతని పక్కన నడవలేదు. భార్య తమ్ముడి వెంట నడుస్తోంది. పై మూలలో గడ్డి పెళ్ళలు తీశాడు, బండలు తీశాడు, కింది సంచి లాగేశాడు. పొద్దున తను కొట్టిన పై సంచి ఉబ్బి ఉంది, చుట్టూ మట్టి బుడబుడలాడుతోంది. రెండు చేతులూ పెట్టి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. సంచి ఊడిన ఊపుకి నల్లటి ఊట ఎగిరి చొక్కా మీద, మొహం మీద పడింది. ఎవరూ నవ్వలేదు.

బావమరిది అప్పటికే కింద వాగు గట్టు మీదికి పరిగెత్తాడు. తుంగ దుబ్బులు రెండు చేతులా చీల్చి లోపలికి దూరాడు. కాసేపటికి కేక వినిపించింది.

"ఇక్కడ రాతి నోరుంది! మా నాన్న పెట్టిన బండలే, మా బావి లోపల పేర్చిన రకం రాళ్ళే ఇవి!" ఆ వెంటనే, "వస్తోంది, నల్లగా వస్తోంది!" అన్నాడు. ఆ గొంతులో సంతోషమో ఏడుపో పైన నిలబడ్డ వాళ్ళకు తేలలేదు.

సీసాలమ్మాయి కిందికి పోయి అక్కడ పట్టీ ముంచి వచ్చింది. అది ఎంత ఎరుపెక్కిందో చెప్పనక్కర్లేదు. నోట్‌బుక్కులో రాసుకుంది. కాలువ సంగతీ రాసింది, మూసిన సంగతీ రాసింది. "రెండూ రాయాలి నేను," అంది కొలతలాయనతో.

"రాయమ్మా."

ఆమె ఫోను పట్టుకుని దూరంగా, వేపచెట్టు నీడలోకి పోయింది. అటు ఆఫీసువాళ్ళతో చాలాసేపు మాట్లాడింది. ఒకసారి తల అడ్డంగా ఊపింది, ఒకసారి నిలువుగా. ఇటు పద్నాలుగు మందీ ఆ తల ఊపులే చూస్తున్నారు. మొక్కజొన్న మీదుగా గాలి వస్తే పీచు వాసన వచ్చింది. ముసలాయన ఎవరినీ ఉద్దేశించకుండా, "ఈ మనిషి చెప్పకపోతే ఆ అమ్మాయి సీసా నింపుకుని పోయేదే కదా," అన్నాడు. "ఒక నెల బతికేవాళ్ళం. ఆ సంచి ఎన్నాళ్ళుండేది? వచ్చే నెల బద్దలయ్యేది," అన్నాడు ఇంకొకతను. "పొద్దునే చెప్పాల్సింది," అన్నాడు కందిరీగ. మూడు మాటలూ నిజమే. కొలతలాయన మూడింటినీ విన్నాడు.

ఆమె తిరిగొచ్చింది. "సీసా నింపలేదు కాబట్టి నలభై రోజులు ఇస్తున్నారు. ఒక్కరోజు కూడా ఎక్కువ లేదు. కాలువ మూసి దాచినందుకు మాత్రం ఈ నలభై రోజులూ తూములు సగమే ఎత్తుతారు. అందరివీ."

"అందరివీనా?"

"ఒకే సీసా కదా," అందామె, పెట్టె సర్దుకుంటూ.

సగం నీళ్ళు. కంకి ఎండదు. పూర్తిగా గింజ పట్టదు. కందిరీగ చేను వైపు చూసి, తర్వాత కొలతలాయన మొహం వైపు చూశాడు. "సగం గింజ కంకులు కాల్చుకుని తిన్నప్పుడల్లా నిన్ను తలుచుకుంటాంలే పెద్దాయనా," అన్నాడు. నాలిక్కరుచుకుని, "పెద్దాయనేంటి ఇంకా!" అన్నాడు.

"వీణ్ణి తీసేస్తామన్నప్పుడు ఏ లెక్క పెట్టామో, నాకూ అదే పెట్టండి," అన్నాడు కొలతలాయన. "ఎత్తండి చేతులు."

చేతులు లేవలేదు. దయ వల్ల కాదు. అతని కుప్ప అక్కడుంటే అది ఊరుతూనే ఉంటుంది, అతన్ని బయటికి పంపినా ఊట బయటికి పోదు. ఒక బండితో కుప్ప తియ్యాలంటే పదిహేను రోజులు, అన్నాళ్ళూ ఊట పారుతూనే ఉంటుంది; త్వరగా తియ్యాలంటే అన్ని బండ్లూ కావాలి. పెద్దరికం మాత్రం అక్కడికక్కడే తీసేశారు. ముసలాయనకిచ్చారు. ఆయన వద్దన్నాడు, వినలేదు.

కొలతలాయన జేబులోంచి తాళం చెవి తీశాడు. బావమరిది పొలం తూము దగ్గరికి వెళ్ళి, గొలుసు విప్పి, చక్రం తిప్పాడు. తుప్పు పట్టినట్టు మూలిగింది. నిన్నటి నుంచీ ఎండుతున్న టమాటా సాళ్ళలోకి నీళ్ళు నాలుక చాచినట్టు పాకాయి. మురుగు తూము దగ్గరి ఇసుక బస్తాలు కూడా ఒక్కొక్కటే భుజాన వేసుకుని గట్టెక్కించాడు. పదకొండు బస్తాలు. నిన్న వేసినప్పుడు నలుగురు కలిసి వేశారు. ఇప్పుడెవరూ సాయానికి రాలేదు, అతనూ పిలవలేదు.

బావమరిది టమాటా సాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని నీళ్ళు మొక్క మొదటికి చేరుతున్నాయా లేదా అని చూస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

"రేయ్," అన్నాడు కొలతలాయన.

"చెప్పు బావా."

చెప్పడానికి చాలా ఉంది. "నీ సంచులు... ఆ చినిగిన యూరియా సంచులు, అవి కూడా తీసెయ్. ఎప్పటికైనా ప్రమాదం," అన్నాడు. అని, తనను తాను తిట్టుకున్నాడు.

బావమరిది వెనక్కి తిరిగాడు. నవ్వు వచ్చి ఆగిపోయినట్టుంది అతని మొహం. "నీకు ఇంకా సిగ్గు రాలేదా?"

"వచ్చింది."

"నిన్న నా పిల్లలు చూస్తుండగా అన్నావు."

"అన్నాను."

"వాళ్ళ ముందే చెప్పాలి. నా దగ్గర కాదు, ఇక్కడ కాదు. వాళ్ళు బడి నుంచి వచ్చాక, ఇంటికొచ్చి, వాళ్ళకి చెప్పాలి. మీ నాన్న అబద్ధం ఆడలేదని."

"వస్తా."

"వచ్చాక చూద్దాం." మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "మీ నాన్నా మా నాన్నా ఈ ఒక్క కాలువే తవ్వారంటావా?"

ఆ సంగతి కొలతలాయనకు తట్టనే లేదు. ఆ ఇద్దరూ నలభై ఏళ్ళు పక్కపక్కన సేద్యం చేశారు. ఎక్కడ చిత్తడి కనిపిస్తే అక్కడ పార పట్టేవాళ్ళు. వాళ్ళను చూసి మిగతా పొలాల వాళ్ళూ తవ్వి ఉంటారు. తను కుప్పలు ఎక్కడెక్కడికి జరిపించాడో, ఏ మూలన ఎవరి చేత పెట్టించాడో, ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగింది.

"తెలియదు," అన్నాడు. ఆ మాట అతని నోట అరుదు.

"అయితే వెతకాలి. నలభై రోజుల్లో ఇంకోటి బయటపడితే నీ పేరు కాదు, నా పేరే చెబుతారు. అలవాటైపోయింది వాళ్ళకి."

కొలతలాయన గడ్డపార తెచ్చుకున్నాడు. గట్టు దగ్గర ఆగాడు. గట్టుకు అవతలిది తన పొలం కాదు. ముప్ఫై ఏళ్ళలో అడక్కుండా ఎన్నిసార్లు దాటాడో లెక్క లేదు.

"రానా?" అని అడిగాడు.

"రా. చెప్పులు అక్కడే విప్పు, సాళ్ళలో తొక్కకు."

చెప్పులు విప్పి దాటాడు. అంగలు లెక్కపెట్టలేదు. గట్టు వెంట నాలుగడుగులకొకసారి గడ్డపారతో నేల మీద కొట్టుకుంటూ నడిచాడు. కొట్టినప్పుడల్లా ఇద్దరూ ఆగి విన్నారు. మట్టి, మట్టి, మట్టి. అక్క వచ్చి గట్టు మీద కూర్చుంది. ఎండ మండిపోతోంది. పదిహేడో దెబ్బకు బోలుగా మోగింది. బావమరిది కర్ర ఒకటి తెచ్చి గుర్తుగా అక్కడ పాతాడు.